సెల్ఫ్ మొండికేస్తే... ముందు చెవి పెట్టండి!

పొద్దున తాళం తిప్పగానే బుర్రుమంటుంది. అదే కారును మధ్యాహ్నం కూరగాయల మార్కెట్ దగ్గర ఆపి, పావుగంట తర్వాత తిప్పితే 'టక్'మని ఊరుకుంటుంది. మెకానిక్‌ను పిలిస్తే ఆయన వచ్చేలోపు మళ్లీ మామూలే. ఆయన ముందు పదిసార్లు తిప్పినా పదిసార్లూ స్టార్టవుతుంది. 'బాగానే ఉంది కదండీ' అని నవ్వేసి వెళ్లిపోతాడు. పాత కారున్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగే తంతే ఇది. అసలు స్టార్టే కాని కారుతో పేచీ లేదు. ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఒకసారి అయి, ఒకసారి కాని కారుతోనే తంటా అంతా.

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి సరిగ్గా ఇదే. తెనాలి దగ్గర్లోని ఓ ఊళ్లో రిటైరైన మాస్టారు రాశారు. ఆయనది 1999 మోడల్ మారుతి 800, కార్బురేటర్ బండి. భార్యను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు గుంటూరు తీసుకెళ్లాలి. ఆరు నెలల్లో కొత్త బ్యాటరీ వేయించారు. సెల్ఫ్ మోటార్ విప్పించి బుష్‌లు మార్పించారు. ఇంకో మెకానిక్ చెబితే ఇగ్నిషన్ కాయిలూ మార్చారు. అయినా కారు తీరు మారలేదు. హెడ్‌లైట్లు భేషుగ్గా వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం 'టక్' అంటుంది. అరగంట ఆగితే స్టార్టవుతుంది. 'అమ్మేయమని మా అబ్బాయి అంటున్నాడు. మీరేమంటారు?' అని అడిగారు.

అమ్మడం సంగతి చివర్లో చెప్పుకుందాం. ముందు కారు చెబుతున్నది విందాం మాస్టారూ!

చప్పుడే సగం జవాబు

తాళం తిప్పినప్పుడు కారు చేసే చప్పుడును బట్టి జబ్బు ఏ గదిలో ఉందో తెలిసిపోతుంది. ఆ గది తెలియకుండా సామాను మార్చడమంటే చీకట్లో చెయ్యి పెట్టడమే.

ఏ చప్పుడూ లేదు, లైట్లు కూడా మినుకుమినుకు: బ్యాటరీ దిగిపోయింది. లేదా టెర్మినల్ వదులైంది, తెల్లగా ఉప్పు పట్టింది.

గబగబా టకటకటక: బ్యాటరీలో కొంచెం ప్రాణముంది కానీ మోటార్‌ను తిప్పేంత లేదు. ఇక్కడా అనుమానం బ్యాటరీ మీదా, టెర్మినల్స్ మీదా.

ఒక్కటే 'టక్', లైట్లు మాత్రం బాగున్నాయి: సెల్ఫ్ సోలినాయిడ్, దాని వైర్లు, బాడీ ఎర్త్, మోటార్ లోపలి కార్బన్ బ్రష్‌లు. మాస్టారి కారు ఈ వరసలోకే వస్తుంది.

లైట్లు బాగున్నాయి, కనీసం 'టక్' కూడా లేదు: సోలినాయిడ్ దాకా కరెంటే వెళ్లడం లేదు. ఇగ్నిషన్ స్విచ్చో, వైరో, కనెక్టరో చూడాలి.

మోటార్ 'గుయ్'మని ఒట్టిగా తిరుగుతోంది, ఇంజన్ కదలదు: సెల్ఫ్‌లోని చిన్న పళ్లచక్రం ఫ్లైవీల్‌ను పట్టుకోవడం లేదు.

ఇంజన్ చక్కగా తిరుగుతోంది, అంటుకోదు: ఇప్పుడు మాత్రమే కాయిల్, ప్లగ్గులు, పెట్రోలు సంగతి చూడాలి.

ఈ ఆఖరి మాట మళ్లీ చదవండి. మాస్టారి కారులో ఇంజన్ తిరగడమే లేదు. తిరగని ఇంజన్‌కు కాయిల్ మార్చి లాభమేమిటి? కాయిల్ పని ఇంజన్ తిరగడం మొదలైన తర్వాత. ఆకలిగా ఉందంటే కళ్లజోడు మార్చినట్టుంది ఆ వైద్యం. 'తిరగడం లేదు', 'తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదు' అనేవి రెండు వేర్వేరు జబ్బులు. మెకానిక్‌తో ఫోన్లో మాట్లాడేటప్పుడు 'స్టార్ట్ కావట్లేదు' అని ఊరుకోకుండా, ఈ రెండింటిలో ఏదో చెబితే మీ డబ్బు సగం మిగిలినట్టే.

వేడెక్కితేనే ఎందుకు?

సోలినాయిడ్ అంటే రాగి తీగ చుట్టిన ఓ విద్యుదయస్కాంతం. తాళం తిప్పగానే దానికి సన్నటి వైరు ద్వారా కరెంటు వస్తుంది. అది రెండు పనులు చేస్తుంది. పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఫ్లైవీల్‌కు కలుపుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్‌ను మోటార్‌కు కలుపుతుంది. 'టక్' అనే చప్పుడు ఈ కదలికదే.

రాగి వేడెక్కితే కరెంటును అడ్డుకునే గుణం పెరుగుతుంది. 50 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు ఐదో వంతు ఎక్కువ అడ్డుకుంటుంది. నడిచిన ఇంజన్‌ను ఎండలో ఆపి పావుగంట ఉంచితే, బానెట్ కింద గాలి ఆడక సోలినాయిడ్ ఇంకా కాలుతుంది. కొత్త కారులో ఇది లెక్కలోకి రాదు. ఎందుకంటే దానికి అందే వోల్టేజి నిండుగా ఉంటుంది. పాతిక, ముప్ఫై ఏళ్ల కారులో అలా కాదు. స్విచ్ లోపలి రాగి ముక్కలు అరిగి నల్లబడతాయి. కనెక్టర్లకు చిలుము పడుతుంది. ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు చేరుతుంది. దారిలో ఒక్కొక్కరూ కాస్త కాస్త సుంకం వసూలు చేసుకుంటే, 12 వోల్టులకు బయల్దేరింది ఏడో ఎనిమిదో అయి చేరుతుంది. చల్లగా ఉన్నప్పుడు అదే ఎలాగో చాలుతుంది. వేడిలో చాలదు. అరగంట చల్లారితే మళ్లీ చాలుతుంది.

అందుకే కొత్త బ్యాటరీ వేసినా ఫలితం ఉండదు. ట్యాంకు నిండా నీళ్లున్నా పైపులో పాచి పేరుకుంటే కుళాయికి ధార రాదు కదా! హెడ్‌లైట్లు బాగా వెలగడం చూసి మోసపోకూడదు. వాటికి కావలసింది పది ఆంపియర్ల లోపు. సెల్ఫ్ మోటార్ అడిగేది వంద దాటుతుంది. సన్నటి దారిలో లైట్లకు సరిపడా కరెంటు నడుస్తుంది, మోటార్‌కు సరిపడా నడవదు.

ముందు ఖర్చులేని వైద్యం

ఏ పరీక్షకైనా ముందు ఒక గంట వెచ్చించి ఈ పని చేయండి. పాత కార్లలో చాలా మొండి జబ్బులు ఇక్కడే కుదురుతాయి.

కారు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, తాళం తీసి జేబులో వేసుకోండి. ఉంగరాలు, చేతి గడియారం, కడియం తీసేయండి. బ్యాటరీ టెర్మినల్స్‌ను 10వ నంబరు పానాతో వదులు చేయండి. ముందు నెగెటివ్ తీయాలి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు దీనికి రివర్స్: నెగెటివ్ ఆఖరున. వేడి నీళ్లలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో తెల్లటి ఉప్పంతా కడగండి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఆరిన తర్వాత గరుకు కాగితంతో రెండు వైపులా మెరిసేలా రుద్ది బిగించి, పైన కాస్త వ్యాజలీన్ రాయండి. చేత్తో తిప్పితే టెర్మినల్ ఇసుమంత కూడా కదలకూడదు.

ఇప్పుడు అందరూ మరిచిపోయేది. బ్యాటరీ నెగెటివ్ నుంచి వెళ్లే నల్ల కేబుల్ రెండో కొసను పట్టుకుని వెళ్లండి. అది బాడీకి, ఇంజన్ లేదా గేర్‌బాక్స్‌కు బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ బోల్టు విప్పి, కింద తుప్పు, గ్రీజు, రంగు అంతా గీకి, మెరిసే ఇనుము మీద బిగించండి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. అంటే దానికి ఎర్త్ అందే దారి ఆ ఒక్క కేబులే. అది పాడైతే కారు మొత్తానికి కొత్త సామాను వేసినా ఇంజన్ తిరగదు.

మీటరు చెప్పే నిజం

కడిగినా కుదరలేదా? ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఒకరు తాళం తిప్పాలి, ఇంకొకరు చూడాలి. ఇంజన్ స్టార్టవకుండా తిరిగేందుకు కాయిల్‌కు వచ్చే సన్న వైరు తీసి టేపు చుట్టండి. లావు హైటెన్షన్ వైరు మాత్రం ముట్టుకోవద్దు. అలవాటు లేకపోతే మీ ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఏమేం చూడాలో మీకు తెలిస్తే చాలు.

ఒకటి: రాత్రంతా ఆగి ఉన్న కారు బ్యాటరీ మీద 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 లోపుంటే ముందు చార్జింగ్ పెట్టాలి, తర్వాతే మిగతా పరీక్షలు.

రెండు: సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 9.6 కన్నా దిగకూడదు. దిగితే బ్యాటరీ బలహీనం, లేదా మోటార్ అతిగా లాగుతోంది.

మూడు: మీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ మీద శుభ్రమైన ఇనుముకు ఆనించి, సెల్ఫ్ తిప్పండి. దాదాపు సున్నా చూపాలి. 0.2, 0.3 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదు.

నాలుగు, మాస్టారి కారుకు అసలైనది: సోలినాయిడ్ మీది సన్నటి వైరుకూ ఇంజన్ ఇనుముకూ మధ్య, తాళం స్టార్ట్ దాకా తిప్పి పట్టినప్పుడు ఎంత వస్తోంది? దీన్ని కారు మొండికేసిన ఆ నిమిషంలోనే చూడాలి. అప్పుడు 10 వోల్టులకు పైగా వస్తూ కూడా సెల్ఫ్ లేవకపోతే నేరం సోలినాయిడ్‌దో, మోటార్‌దో. ఏడెనిమిది మాత్రమే వస్తుంటే సెల్ఫ్‌కు పాపం తెలియదు. నేరం ఇగ్నిషన్ స్విచ్‌ది, దాని వైరుది.

ఇలా తేలితే వైద్యం తేలిక. స్విచ్ మార్చవచ్చు. లేదా మంచి ఎలక్ట్రీషియన్ చేత ఫ్యూజుతో సహా ఒక రిలే పెట్టించవచ్చు. అప్పుడు అరిగిన స్విచ్ రిలేకు సైగ చేస్తే చాలు. సోలినాయిడ్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి నిండుగా వెళుతుంది. హారన్‌కూ, హెడ్‌లైట్లకూ వాడే రిలే లాంటిదే ఇదీ.

తిరుగుతోంది, అంటుకోదు!

మీ కారుది రెండో రకం జబ్బా? అయితే ఏ వేళకు మొండికేస్తోందో గమనించండి.

వాన పడిన రోజునో, కడిగించిన రోజునో అయితే తడి చేరింది. డిస్ట్రిబ్యూటర్ కప్పు తీసి లోపల పొడిగుడ్డతో తుడవండి. సన్నటి పగులు గీత కనిపిస్తే కప్పు మార్చాల్సిందే. ప్లగ్ వైర్లు గట్టిపడి బీటలు వారితే అవీ అంతే.

నాలుగు రోజులు ఆగిన తర్వాత మొదటిసారి మాత్రమే అయితే, కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది. చోక్ పూర్తిగా లాగి ఐదారు సెకన్లు తిప్పండి, ఆపండి, మళ్లీ తిప్పండి. పంపు పెట్రోలు లాగేదాకా ఓపిక పట్టాలి.

వేడి మీద ఆపి పది నిమిషాల్లో తిప్పినప్పుడైతే పెట్రోలు పొంగడమో, కాయిల్ లేదా ఇగ్నిషన్ మాడ్యూల్ వేడికి అలవడమో. పెట్రోలు వాసన గుప్పుమంటుంటే చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి తిప్పండి.

ఒక ప్లగ్ విప్పితే ఇంకా తెలుస్తుంది. తడిగా పెట్రోలు అంటి ఉంటే నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు ఎక్కువైంది. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. నల్లటి మసి అంటే గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. లేత గోధుమ రంగు ఆరోగ్యం.

ఎంపీఎఫ్‌ఐ కార్ల వారు తాళం ఒక్క మెట్టు తిప్పి, వెనక సీటు వైపు చెవి పెట్టండి. రెండు సెకన్లు పెట్రోలు పంపు 'జుయ్'మనాలి. అనకపోతే ఫ్యూజు, రిలే, పంపు వరసగా చూడాలి. అన్నా అంటుకోకపోతే, అదీ వేడి మీదే అయితే, క్రాంక్ సెన్సార్‌ను అనుమానించవచ్చు.

మరో సంగతి. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరు పైపులకు, వాషర్లకు అది పడదు. రోజూ తిరిగే కారు సరే, నెలల తరబడి షెడ్డులో ఉండే కారులో ట్యాంకు నిండా పెట్రోలు నిల్వ పెట్టకండి. గట్టిపడిన, మెత్తబడిన పైపు ఏది కనిపించినా వెంటనే మార్పించండి. ఇది స్టార్టింగ్ సంగతి మాత్రమే కాదు, నిప్పు సంగతి.

ఇవి మాత్రం వద్దు

* కార్బురేటర్‌లో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టడం. మంట ఎగిసి మొహం మీదికి వస్తుంది.
* ఇంజన్ నడుస్తుండగా 'డైనమో పరీక్ష' అంటూ బ్యాటరీ టెర్మినల్ పీకడం. ఆల్టర్నేటర్ డయోడ్లు, ఎంపీఎఫ్‌ఐ కారైతే కంప్యూటర్ కూడా కాలిపోవచ్చు. మీటరు పెడితే చాలు, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి.
* గేరులో ఉండగా స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ కలపడం. కారు ముందుకు దూకుతుంది.
* ఆపకుండా అరనిమిషం సెల్ఫ్ కొట్టడం. పది సెకన్లకు మించొద్దు. మధ్యలో అరనిమిషమైనా విరామం ఇవ్వండి.
* రాత్రిపూట హైవే మీద కారు తోయడం. లైట్లు బ్లింక్ చేసి, అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడి, జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చేయండి.

ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునేటప్పుడు వరస తప్పొద్దు. ఎర్ర కేబుల్ ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, దాని రెండో కొస ఆగిన కారు ఇంజన్ ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. ఆఖరి కొస దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆ రవ్వ దాని పక్కన లేవకూడదు.

నోటు పుస్తకం పెట్టండి

వచ్చీపోయే జబ్బుకు మంచి మందు ఓ చిన్న నోటు పుస్తకం. మొండికేసిన ప్రతిసారీ నాలుగే మాటలు రాయండి. ఎన్ని గంటలకు, కారు వేడిగా ఉందా చల్లగా ఉందా, ఆపి ఎంతసేపైంది, ఏం చప్పుడు చేసింది. పది రోజులు రాస్తే మీకే ఒక వరస కనిపిస్తుంది. ఆ కాగితం చూపిస్తే అనుభవమున్న మెకానిక్ సగం పని అయిపోయిందంటాడు. అది చూసి కూడా 'ముందు ఇది మార్చి చూద్దాం' అనేవాడిని 'ఏ కొలత చూసి అంటున్నావు నాయనా?' అని అడగండి. అడిగే హక్కు మీకుంది. పాత సామాను ఇంటికి తెచ్చుకునే హక్కూ ఉంది.

మరి అమ్మేయాలా?

మాస్టారూ! 1983 డిసెంబరులో తొలి మారుతి 800 రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగేలోపు పాతిక లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. అందుకే దాని సామాను ఇప్పటికీ దొరుకుతుంది, దాన్ని విప్పి బిగించడం తెలిసిన చేతులూ ఆటోనగర్లలో ఉన్నాయి. స్టార్టింగ్ సమస్య కారు అమ్మడానికి కారణం కాదు. అది వైరుతోనో, స్విచ్‌తోనో పోయే జబ్బు.

అమ్మడానికి వేరే కారణాలుంటాయి. అవి నిజాయితీగా చూసుకోండి. కింది రేకు, సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పు తినేశాయా? బ్రేకులు ఒక పక్కకు లాగుతున్నాయా? 15 ఏళ్లు దాటాక ప్రతి ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. అది సక్రమంగా ఉందా? ఆ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. మీ అబ్బాయి బెంగ బహుశా సెల్ఫ్ గురించి కాదు. నీరసంగా ఉన్న అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మీరు లారీల మధ్య నడపడం గురించి అయ్యుండొచ్చు. ఆ మాట కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. దానికి ఏ మీటరూ జవాబు చెప్పదు.

ఒక్కటి మాత్రం ఈ రోజే చేయండి. పై నాలుగు కొలతలూ తేలి, ఆ తర్వాత నెల రోజులు ఒక్కసారి కూడా మొండికేయకుండా నడిచేదాకా, డయాలసిస్ రోజుల్లో ఆ కారును నమ్ముకోవద్దు. ఊళ్లో తెలిసిన ఆటో అబ్బాయికో, ట్యాక్సీకో ముందే చెప్పి ఉంచండి. అమ్మగారికి ఆయాసం వస్తే కారు తాళం కోసం వెతకొద్దు, 108కి ఫోన్ చేయండి. కారు బాగు చేసుకోవడానికి రేపు కూడా టైముంటుంది.

డిక్కీలో ఉండాల్సినవి: 10, 12 నంబర్ల పానాలు, గరుకు కాగితం, టార్చి, జంపర్ కేబుళ్లు, రెండు ఫ్యూజులు, ఒక పొడిగుడ్డ, ఎర్ర త్రికోణం బోర్డు, తాగడానికి నీళ్లు... ఆ నోటు పుస్తకమూ, పెన్నూ!